ఎల్లన్న ఒక్కడికే తెలుసు

వనపర్తి,
19 జనవరి 1992.

అన్నకు నమస్కారం.

నేను హైదరాబాదు నుండి వనపర్తికి వచ్చాను. వచ్చిన పని చెబితే నవ్వుతావు. మా శిక్షణ సంస్థవాళ్లు ఈ ప్రాంతంలో పనిచేస్తున్న మూడు నిర్మాణ కంపెనీలను పరిశీలించి రమ్మన్నారు. గోడ నిటారుగా ఉందా, సిమెంటు పాళ్లు సరిపోయాయా అని చూడటానికి కాదు. ఒకరికి తెలిసిన పని ఇంకొకరికి ఎట్లా చేరుతోంది? పాతవాళ్లు కొత్తవాళ్లకు చెబుతున్నారా? ఒకచోట తప్పు జరిగితే ఆ సంగతి రెండో చోటికి పోతోందా, లేక అక్కడే పాతిపెడుతున్నారా? ఇవన్నీ చూసి ఏ కంపెనీ ఎంత మెరుగో రాసివ్వాలి. మన నాయినకు చెబితే, "దీనికి గూడ జీతమిస్తరా బిడ్డా? మగ్గం మీద రానోనికి వచ్చినోడు జెప్తడు. గంతే గదా!" అని ఆశ్చర్యపోయాడు.

ఆత్మకూరు దగ్గర వాగు మీద వంతెన కడుతున్న కంపెనీని చూశాను. కిందటేడు అక్కడ సెంట్రింగు కూలి ఒకాయన నడుము విరిగిందట. ఆ విరిగిన వాసాలను పారేయకుండా షెడ్డు ముందే ఉంచారు. కొత్తగా ఎవరు పనిలో చేరినా మేస్త్రి దశరథం వాళ్లను అక్కడికి తీసుకుపోయి, "ఇగో, ఈడ కట్టు వదులైంది. నేనే సూడలే. మీరు సూస్కోండ్రి" అంటాడు. అంతమంది ముందు 'నేనే చూడలేదు' అనగలిగిన మేస్త్రిని నేను ఇదివరకు చూడలేదు. వడ్డేపల్లిలో గోదాములు కడుతున్న రెండో కంపెనీ దారి వేరు. కాగితాలన్నీ బీరువాలో ఉన్నాయి, బీరువా తాళంచెవి హైదరాబాదులో ఉంది. అడిగితే నవ్వుతారు.

మూడోది మీ త్రికూట కంపెనీ. సోమశిల రోడ్డు కోసం మీరు కొండ కొడుతున్న చోటికి నేను రావాలి. మా అన్న అక్కడే సూపర్‌వైజరని మా సారుకు చెప్పాను. దాచి వెళ్లడం నాకు ఇష్టం లేదు. బండలు పేల్చే పని అక్కడ ఎవరు చూస్తారు? ఆయన తన కింది వాళ్లకు నేర్పుతాడా? ఉన్నది ఉన్నట్టు రాయి.

ఐదో నెలలో కూడా వదినకు నీళ్లు ఇమడటం లేదని అమ్మ చెప్పి రాయించింది. సంక్రాంతికి కూడా నువ్వు గద్వాల పోలేదట. ఎందుకు?

నీ చెల్లెలు
సుగుణ

*

సోమశిల రోడ్డు క్యాంపు,
కొల్లాపూర్,
2 ఫిబ్రవరి 1992.

చెల్లెలు సుగుణకు ఆశీస్సులు.

నీ కొత్త ఉద్యోగం బాగుంది. నలుగురిని నాలుగు మాటలు అడిగి జీతం తీసుకోవడం అందరికీ దొరికే అదృష్టం కాదు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. పొద్దున కంప్రెషర్ మోగడం మొదలైతే పక్కన మనిషి అరిచినా వినపడదు. మధ్యాహ్నం దాకా బండకు బెజ్జాలు వేస్తారు, సాయంత్రం వాటిలో మందు కూరి పేలుస్తారు, మర్నాడు ఆ రాళ్లు ఎత్తిపోస్తారు. పేల్చే పని ఎల్లన్న చూస్తాడు. రాయిని చేత్తో తట్టి లోపల ఎక్కడ పగులుందో చెప్పగలడు. కూలీల ముఠా అంతా అతని చేతి కింద వాళ్లే. అతని నోటికి భయపడతారు, ఆ మాటకొస్తే నేనూ అంతే. పని మాత్రం ఆగదు కాబట్టి కాంట్రాక్టరుకు అతనంటే గురి.

నేర్పుతాడా అని అడిగావు. చూసి నేర్చుకునేవాళ్లు నేర్చుకుంటారు. పనిచేసే చోట బడి పెట్టి పాఠాలు చెప్పరు కదా! అట్లాగే రాసుకో.

సంక్రాంతికి ముందు ఇస్రాయేలు అనే అతను బండ మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మంచి పనివాడు. దవాఖానలో ఉన్నాడు. అది తప్ప విశేషాలు లేవు.

నువ్వు ఇంత దూరం రావద్దు. రోడ్డు బాగాలేదు, క్యాంపులో ఆడవాళ్లు దిగడానికి వసతి లేదు. నీకు కావలసిన ప్రశ్నలు రాసి పంపిస్తే నేనే అందరినీ అడిగి జవాబులు పంపిస్తాను.

పనుల ఒత్తిడి వల్ల గద్వాల పోలేకపోయాను. వదినకు వేరే రాస్తున్నాను.

నీ అన్న
కురుమూర్తి

*

వనపర్తి,
24 ఫిబ్రవరి 1992.

అన్నకు,

నేను వచ్చాను. నువ్వు నన్ను చూసి మొహం తిప్పుకున్నావు. బస్సులో తిరిగి వస్తూ ఈ ఉత్తరం మనసులో ఎన్నిసార్లు రాసుకున్నానో, ఎన్నిసార్లు చించేసుకున్నానో.

నేను ముఠాను అడిగిన ప్రశ్న ఏమంత పెద్దది? "పేల్చినాక, అన్ని బెజ్జాలూ పేలాయని మీకెట్లా తెలుస్తుంది?" అన్నాను. అందరూ ఎల్లన్న వైపు చూశారు. సీతారాములు అనే అతను, పాపం, ఆడమనిషి అడిగిందని మర్యాదకు నోరు తెరిచాడు. "గా సప్పుళ్లు లెక్కవెట్టి..." అన్నాడు అంతే. ఎల్లన్న చేతిలోని కంప్రెషర్ గొట్టం గాలిలో ఈల వేసింది. సీతారాములు వీపు పట్టుకుని మోకాళ్ల మీద కూలబడ్డాడు. రెండో దెబ్బకు చొక్కా చిరిగింది. మూడో దెబ్బ నేను అడ్డం పోతే ఆగింది.

"నీకేం ఎర్కరా లెక్క? నీకెవడు జెప్పిండు?" అని ఎల్లన్న అరిచాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి ఎంతో నిదానంగా, "అమ్మా, గిది మందుతోని పని. ఒక్కని నోట్లనే ఉండాలె. నలుగురి నోట్ల వడ్తే పానాలు పోతయి" అన్నాడు. ఆ మాటలో కొంచెం కూడా కపటం లేదు. దాన్ని నిజంగా నమ్ముతున్నాడు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

నువ్వు నేల చూస్తూ నిలబడ్డావు, అన్నా.

వస్తూ వస్తూ కొల్లాపూర్‌లో దిగి దవాఖానకు పోయాను. ఇస్రాయేలు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అతని భార్య సత్తెమ్మ గుడ్డ తీసి చెయ్యి చూపించింది. బొటనవేలు ఒక్కటే వేలిలాగుంది. "జారి వడ్తే నాలుగు వేళ్లు ఒక్క తీర్గ సితుకుతయా అమ్మా? నువ్వు సదువుకున్నదానివి, నువ్వే జెప్పు" అంది. ఇస్రాయేలును అడిగితే తల తిప్పకుండానే, "మీ అన్న ఆడనే ఉండె. ఆయిన్నడుగుండ్రి" అన్నాడు.

అడుగుతున్నాను. ఏం జరిగింది?

సుగుణ

*

క్యాంపు, కొల్లాపూర్,
3 మార్చి 1992.

సుగుణకు,

నీకు ఉద్యోగం. నాలుగు రోజులు చూసి, రాసి, బస్సెక్కిపోతావు. మేం ఇక్కడ బతకాలి. సీతారాములు రెండు దెబ్బలు తిన్నది నీ ప్రశ్న వల్లనే. ఆ మాట నీ రిపోర్టులో రాసుకో.

ఇది రాసి, కలం పక్కన పెట్టి, మళ్లీ తీశాను. అడిగావు కాబట్టి విను.

మేం సాయంత్రం వరసగా పేలుస్తాం. ఒక్కోసారి ఒకటో రెండో పేలవు. పైన రాయి పగిలి పడితే పేలని బెజ్జం కిందికి పోయి కనపడదు. మర్నాడు తెలియక దాని మీదే డ్రిల్లు పెడితే ఆ మనిషి ముక్కలైపోతాడు. చప్పుళ్లు లెక్కపెట్టి, వచ్చిన దిక్కును బట్టి ఏది మిగిలిందో ఎల్లన్న గుర్తుపెట్టుకుంటాడు. రాత కోతలు లేవు, గుర్తులు లేవు. పొద్దున్నే తానొక్కడే పోయి, ఎవరినీ రానియ్యకుండా, వాటి సంగతి చూస్తాడు. అతను రాకపోతే ఆ రోజు ఎవరూ బండ ఎక్కరు. అదీ అతని బలం.

ఇస్రాయేలు పక్కనే ఉండి ఉండి ఆ లెక్క పట్టుకున్నాడు. తన తమ్ముడు యేసయ్యకు, సీతారాములుకు చాటుగా చెప్పడం మొదలుపెట్టాడు. "దినాం సావు మీద నిలవడ్తున్నం. యాడున్నదో మనకు తెల్వకపోతే ఎట్ల?" అనేవాడు. అది ఎల్లన్న చెవిన పడింది. ముఠా అందరి ముందు ఇస్రాయేలును పడేసి, కుడిచెయ్యి బండ మీద చాపి, మణికట్టు మీద కాలు పెట్టి తొక్కి, సమ్మెట ఎత్తాడు. మొదటి దెబ్బ పడేసరికి నేను పోయి అతని నడుము పట్టుకుని వెనక్కు లాగాను. సమ్మెట కాడతో నా డొక్కలో పొడిచాడు. నేను కింద పడి ఊపిరి అందుకునేలోపు రెండో దెబ్బ కూడా వేశాడు. ఆ చప్పుడు రాయి మీద రాయి పడినట్టు లేదు. తడి గుడ్డ బండకేసి ఉతికినట్టుంది. నా పక్కటెముక విరిగింది. అందుకే గద్వాల పోలేదు. కట్టు చూస్తే మీ వదిన ఏడుస్తుందని.

కాంట్రాక్టరు ఎల్లన్ననూ నన్నూ పిలిచి, ఇస్రాయేలు జారి పడ్డాడని రాయించాడు. నన్ను పక్కకు పిలిచి, "ఎల్లన్న పోతే నా పని పోతది. నీ పని ముందే పోతది" అన్నాడు.

ఎల్లన్న రాక్షసుడని అనుకోకు. అతను వెనకటి పనిలో ఇద్దరు మనుషులకు కడుపులో దాచుకోకుండా అంతా నేర్పాడట. వాళ్లకు వచ్చిందని తెలియగానే ఆ కంపెనీ సగం కూలికి వాళ్లను పెట్టుకుని ఇతన్ని గేటు బయటికి నెట్టింది. ఆ యేడే అతని బిడ్డ జ్వరంతో పోయింది. "చెప్పేదాంక దేవుడంటరు. చెప్పినంక కుక్కను తరిమినట్టు తరుముతరు" అని తాగినప్పుడు అంటాడు.

నీకు అన్నీ చెప్పాను. ఇది రాయకు, సుగుణా. మీ వదిన ప్రసవం అయ్యేదాకన్నా ఆగు.

నీ అన్న
కురుమూర్తి

*

వనపర్తి,
21 మార్చి 1992.

అన్నకు,

నన్ను క్షమించు. నేల చూస్తూ నిలబడ్డావని రాశాను. అప్పటికే నీ ఎముక విరిగి ఉందని నాకు తెలియదు. కట్టు మీద ధ్యాస ఉంచు, బరువులు ఎత్తకు.

నీ మాట దాటలేదు. ఇస్రాయేలు సంగతి ఎక్కడా ఎత్తలేదు. కానీ చూస్తూ ఊరుకోలేక ఒక పని చేశాను. మీ కాంట్రాక్టరు వనపర్తికి వచ్చాడని తెలిసి పోయి కలిశాను. పెద్దమనిషి తరహాగా కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. నేను చూసినంత వరకే చెప్పాను. "మీ దగ్గర అసలు పని ఒక్క మనిషి తలలో ఉంది. రేపు అతనికి జ్వరం వస్తే, కోపం వస్తే, మీరేం చేస్తారు? నేను మీ కంపెనీకి అన్నిటికన్నా కింది మార్కు వేయవలసి వస్తుంది" అన్నాను.

ముందు నవ్వాడు. "అందరికి నేర్పిస్తే అందరు కూలి పెంచమంటరమ్మా" అన్నాడు. ఆ మార్కుల కాగితం పెద్ద పనులిచ్చే ఆఫీసులకు కూడా పోతుందని చెప్పేసరికి నవ్వు ఆగింది. కాసేపు ఆలోచించి, "ఎల్లన్న లేకుంటే పని ఆగుతదని మీకెవరు జెప్పిండ్రు? వాన్ని నాలుగు దినాలు పక్కన వెడ్త. పని నడుస్తదో లేదో మీరే వచ్చి సూడుండ్రి" అన్నాడు.

నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఎల్లన్న లేని నాలుగు రోజుల్లో మిగతావాళ్లు నోరు విప్పుతారు, పని పంచుకుంటారు, ఇస్రాయేలు కూర్చున్న చోటు నుంచే చెప్పవచ్చు. భయం లేకుండా ఒక్క రోజు పని చేశాక మళ్లీ ఎవరు ఆ గొట్టం దెబ్బలకు వంగుతారు? నేను ఆ వారంలోనే వస్తాను. ఈసారి నన్ను చూసి మొహం తిప్పుకోకు.

సుగుణ

*

క్యాంపు, కొల్లాపూర్,
29 మార్చి 1992.

సుగుణా,

నువ్వు రావద్దు.

నీ ఉత్తరం నాకు చేరేటప్పటికే అంతా అయిపోయింది. కాంట్రాక్టరు అంతా జరగడానికి ముందు రోజు సాయంత్రం, పేల్చడం అయ్యాక, జీపులో వచ్చాడు. ఎల్లన్నను పిలిచి, "రేపటి నుంచి నాలుగు దినాలు నువ్వు బండ కాడికి రావద్దు. నువ్వు లేకుంటే పని నడుస్తదని సూపియ్యాలె" అన్నాడు. ఎల్లన్న మొహం ఎట్లా మారిందో నేను చూశాను. మళ్లీ గేటు బయటికి నెట్టినట్టే అనుకున్నాడు. తన దుప్పటి చంకన పెట్టుకుని, ఎవరితో మాట్లాడకుండా, కొల్లాపూర్ వైపు నడిచిపోయాడు.

పొద్దున ముఠా వెనకాడింది. కాంట్రాక్టరు తరపు మేనేజరు బూతులు తిట్టాడు, పనిలో నుంచి తీసేస్తానన్నాడు. నేను అడ్డం నిలబడి ఇస్రాయేలును అడిగి ఎక్కిద్దామన్నాను. అతను ముందు రోజు రాత్రే దవాఖాన నుంచి వచ్చి షెడ్డులో పడుకుని ఉన్నాడు. చప్పుళ్లు అతను విననేలేదు, ఏం చెబుతాడు? ఈలోపే యేసయ్య డ్రిల్లు అందుకుని, "మా అన్న నాకు జెప్పిండు తీ. నేను ఇన్నా, అన్ని పేలినయి" అంటూ పైకి ఎక్కాడు. సగం నేర్చుకున్న లెక్క. నేను పిలుస్తూనే ఉన్నాను. కంప్రెషర్ మోతలో వినపడలేదు.

కొండ నోరు తెరిచినట్టైంది. నేను వెల్లకిలా పడ్డాను. చెవుల్లో రక్తం. దుమ్ము కొంచెం తగ్గాక చూస్తే యేసయ్య నిలబడ్డ బండ లేదు. కింద రాళ్లు ఎత్తుతున్న కిష్టమ్మ మీద సగం గుట్ట కూలింది. ఆమె బతికే ఉంది. రాళ్ల సందు నుంచి "అయ్యా, అయ్యా" అని సన్నగా వినపడుతోంది. అందరం ఉరికి, అందరం ఆగిపోయాం. ఇంకా ఎన్ని పేలనివి ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఇంత దూరంలో ఆడమనిషి ఏడుస్తుంటే ఇంతమంది మగవాళ్లం కాలు ముందుకు వేయలేక నిలబడ్డాం.

ముఠా మేనేజరు మీద పడింది. జీపును తలకిందులు చేసి తగలబెట్టారు. అతను కట్టె దెబ్బలు తింటూ పొలాలకు అడ్డంపడి పారిపోయాడు. అప్పుడు ఎల్లన్న వచ్చాడు. సారా దుకాణంలో ఉన్నాడట, పేలుడు విని ఎవరి సైకిలో గుంజుకుని వచ్చాడు. పారిపోవలసిన మనిషి ఎదురొచ్చాడు. సైకిలు దిగక ముందే మీద పడ్డారు. పళ్లు రాలాయి, ఒక కన్ను మూసుకుపోయింది.

"తెలిసి గూడ జెప్పకుండ పోతివేందిరా?" అని సీతారాములు గొంతు పట్టుకున్నాడు.

"ఎవలన్న అడిగిండ్రా నన్ను? నా మొకమన్న సూసిండ్రా?" అని ఎల్లన్న నెత్తురు ఉమ్ముతూ అరిచాడు.

ఆ గుంపును ఆపింది ఇస్రాయేలు. చేతి కట్టు గుండెకు అదుముకుని మధ్యలోకి తోసుకొచ్చాడు. "ఆగుండ్రిరా! వీడు సస్తే యాడున్నయో ఎవడు జెప్తడు? కిష్టమ్మను ఎవడు తీస్తడు? నా తమ్ముడున్నడు గాడ!" అన్నాడు. అందరూ ఆగారు.

ఎల్లన్న కదలలేదు. "చెప్పినంక సంపుతరు" అన్నాడు. నా కళ్లలోకి చూసి అన్నాడు. అప్పుడు నేను మాటిచ్చాను, సుగుణా. "నువ్వు సూపియ్యి. నీ మీద చెయ్యి పడనియ్య. నా ఇంట్ల కడుపుతోని ఉన్నది, దాని మీద ఒట్టు" అన్నాను.

సున్నం బకెట్టు తీసుకుని ముందు అతను, వెనక నేను. ఒక్కో చోట ఒంగి, చేత్తో తడిమి, సున్నంతో చుట్టూ గుర్తు వేశాడు. ఎందుకు పేలలేదో, ఎట్లా కనుక్కోవాలో గట్టిగా చెప్పమన్నాను. చెప్పాడు. కింద నిలబడ్డవాళ్లంతా విన్నారు. మధ్యలో ఒకసారి ఆగి, వెనక్కి తిరిగి, వేసిన గుర్తును చెరిపి పక్కన వేశాడు. నెత్తురు కంట్లోకి కారుతున్నా తొందరపడలేదు. ఆ దారిలో పోయి కిష్టమ్మను బయటికి తీశాం. కాలు నుజ్జయింది, ప్రాణం ఉంది. ఆ తర్వాత యేసయ్యను తీశారు. రెండు గోనె సంచుల్లో తీశారు.

నేను కిష్టమ్మను లారీలోకి ఎక్కిస్తున్నాను. వెనక కేక వినపడి తిరిగి చూసేసరికి ఎల్లన్న గుంపు కాళ్ల కింద ఉన్నాడు. నేను పోయి వాళ్లను గుంజాను, నన్నూ కొట్టారు. ముందు ఎవరు కొట్టారో దుమ్ములో కనపడలేదు. నేను అతన్ని చేరేసరికి తలలో ఏమీ మిగల్లేదు.

నా మాట అతన్ని కాపాడలేదు.

కురుమూర్తి

*

వనపర్తి,
12 ఏప్రిల్ 1992.

అన్నకు,

నీ ఉత్తరం చదివాను. నేనే కదా ఆ కాంట్రాక్టరు దగ్గర కూర్చుని చాయ్ తాగి వచ్చాను. ఒక మనిషిని పక్కన పెడితే చాలు, అతని తలలోది మిగతావాళ్ల తలల్లోకి దానంతట అదే వస్తుందనుకున్నాను. ఎల్లన్నను మాట్లాడించాలని నాకు తోచలేదు. అతన్ని తప్పించాలనే తోచింది. నేనూ అతన్ని అడగలేదు.

కాంట్రాక్టరును పట్టుకున్నారు, బెయిలు మీద వచ్చాడు. పనివాళ్లు చెప్పకుండా బండ ఎక్కారని అంటున్నాడట. నేను నా నివేదికలో త్రికూటకు మార్కు వేయలేదు. జరిగిందంతా రాశాను. అతనితో నేను మాట్లాడిన మాటలు, దాని మీద అతను చేసిన పని కూడా రాశాను. మా సారు చదివి, "ఇది పోలీసులు చూసుకునేది, మనది కాదు. నీ సంగతి కూడా ఎందుకు, తీసేయి" అన్నాడు. తీయలేదు. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు.

ఇక అసలు మాట. ఎల్లన్నను గుంపు కొట్టి చంపిందని పోలీసులు అంటున్నారు, ఎవరి పేరూ లేదు. దుమ్ములో కనపడలేదని నువ్వు రాశావు. నువ్వు దాచినప్పుడు ఎట్లా రాస్తావో ఈ మూడు నెలల్లో నాకు తెలిసిపోయింది. జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడని కూడా ఇట్లాగే రాశావు, ఒక్క వాక్యంలో.

చెప్పు చెప్పు అని నీ వెంట పడ్డదాన్ని నేనే. ఇప్పుడు చెప్పమనడానికి నోరు రావడం లేదు. చెప్పొద్దనీ అనలేను. ఎల్లన్నకు భార్య ఉంటుంది కదా? ఆమెకు ఎవరైనా కనపడి మాట్లాడారా?

వదిన దగ్గరికి నేను పోయి వచ్చాను. నువ్వు క్షేమమని చెప్పాను.

సుగుణ

*

గద్వాల,
17 మే 1992.

సుగుణకు,

ఇంటికి వచ్చాను. మొన్న మీ వదిన కాన్పు సుఖంగా అయింది, ఆడపిల్ల. ఎత్తుకుంటే భయం వేసింది. ఈ బిడ్డ మీదే కదా నేను ఒట్టు పెట్టింది.

నువ్వు అనుకున్నది నిజం. నేను చూశాను. యేసయ్యను తీసిన గోనె సంచుల్లో ఒకటి ఇస్రాయేలు ముందు పెట్టారు. అతను దాని ముడి విప్పి చూశాడు. లేచి, ఎడమచేత్తో రాయి ఎత్తి, ఎల్లన్న కణతకు కొట్టాడు. ఆ ఒక్క దెబ్బకే ఎల్లన్న పోయాడు. ఆ తర్వాత కొట్టినవాళ్లంతా ప్రాణం లేని మనిషిని కొట్టారు. ముందు అందరినీ ఆపిందీ అతనే, చివరికి చంపిందీ అతనే. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

ముఠాలో అందరికీ తెలుసు. ఒక్కరూ చెప్పరు. "ఆయన చెయ్యి ముందుగాల్నే పోయింది, తమ్ముడు పాయె. మళ్ల జైలుకు గూడ పోవాల్నా?" అని సీతారాములు నన్ను పట్టుకుని ఏడ్చాడు. పోలీసులు రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ దుమ్ము అనే చెప్పాను.

నీ ఉత్తరం వచ్చాక నిద్ర పోలేకపోయాను. ఇస్రాయేలు దగ్గరికి పోయి ఎదురుగా కూర్చున్నాను. "మూడోసారి పిలిస్తే నేను అబద్ధం చెప్పలేను. నిన్ను పట్టియ్యలేను. ఏం జెయ్యాల్నో నువ్వే చెప్పు" అన్నాను. సత్తెమ్మ నా కాళ్లు పట్టుకుంది. ఇస్రాయేలు ఆమెను లేపి, "అన్నా, నీకు గా బరువు వద్దు. నేనే పోత. జర ఒక్క దినం ఆగు" అన్నాడు.

మర్నాడు ముఠాను పిలిపించాడు. పని మూతబడి మనుషులు చెదిరిపోయారు, కొందరు వేరే పనులకు పోతున్నారు. అయినా వచ్చారు. రాళ్లు ఎత్తే ఆడవాళ్లను కూడా పిలవమన్నాడు. మిగిలిన మందును అధికారులు వచ్చి తీసేశారు కాబట్టి కొండ మీదికే తీసుకుపోయాడు. ఎల్లన్న వేసిన సున్నం గుర్తులు ఇంకా చెరిగిపోలేదు. ఒక్కో గుర్తు దగ్గర అందరినీ నిలబెట్టి, ఎల్లన్న ఏమన్నాడో అట్లాగే చెప్పాడు. తనకు తెలిసినది చెప్పాడు. ప్రతి ఒక్కరితో తిరిగి చెప్పించాడు. తప్పు చెబితే మళ్లీ చెప్పించాడు. యేసయ్య ఎక్కడ తప్పు లెక్కపెట్టి ఉంటాడో కూడా చూపించాడు. అది కూడా తిరిగి చెప్పించాడు.

ఆ మరుసటి రోజు ఠాణాకు పోయాం, అతను, సత్తెమ్మ, నేను. వసారాలో ఎల్లన్న భార్య యాదమ్మ కూర్చుని ఉంది. తన మొగుడి కేసు ఏమైందని రోజూ వస్తోందట. ఎవరూ ఆమెతో మాట్లాడినవాళ్లు లేరు. నేను కూడా. నువ్వు అడిగేదాకా నాకు ఆమె ఉందనే గుర్తు రాలేదు.

ఇస్రాయేలు ఆమె ముందు ఆగాడు. "నీ మొగన్ని సంపింది నేనే" అన్నాడు.

ఆమె అతని చెయ్యి వైపు చూసింది. "గీ చెయ్యి ఆయిన జేసిందేనా?" అంది. అతను తల ఊపాడు. ఆమె లేచి నిలబడింది. తర్వాత అడిగింది, "ఆఖర్కి ఏమన్న అన్నడా?"

ఎల్లన్న ఆఖరి మాట నేను వినలేదు. ఇస్రాయేలు ఒక్కడే విన్నాడు. ఇన్ని రోజులూ నాకు కూడా చెప్పలేదు.

"అన్నడు" అన్నాడు ఇస్రాయేలు. "'నా తాన ఉన్నదంత జెప్పిన. ఇగ ఏం మిగల్లే. నన్ను ఇంటికి పోనియ్యిరా' అన్నడు. నేను పోనియ్యలే."

యాదమ్మ చెయ్యెత్తింది. కొడుతుందనుకున్నాను. ఎత్తిన చెయ్యి అట్లాగే తన నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఒరిగి కూర్చుండిపోయింది. సత్తెమ్మ ఆమె పక్కన, కొంచెం ఎడంగా, కూలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

ఇస్రాయేలు లోపలికి పోయాడు. అతని వెనకే నేనూ పోయి, చూసినవాడిగా నా పేరు రాయించాను.

నీ అన్న
కురుమూర్తి